రక్తం పల్చబడే గోలీ

ఈ మధ్య నర్సింగ్ చదువుతున్న పిల్లలు ముగ్గురు మా ఇంటికి వచ్చారు. రిటైరైన నర్సులను కలిసి వాళ్ల అనుభవాలు రాసుకు రమ్మని కాలేజీలో చెప్పారట. టీ తాగుతూ ఒకమ్మాయి అడిగింది, "మేడం, మీ సర్వీసు మొత్తంలో మిమ్మల్ని ఎక్కువ భయపెట్టిన మందు ఏది?" అని. నేనేదో నోరు తిరగని ఇంజెక్షన్ పేరు చెబుతానని ముగ్గురూ పెన్నులు పట్టుకుని కూర్చున్నారు. "చిన్న ఆస్పిరిన్ బిళ్ళ" అన్నాను. పెన్నులు కదల్లేదు. ఒకమ్మాయి మర్యాద కోసం నవ్వింది కూడా.

నవ్వండి, పర్వాలేదు. మీ వయసులో నాకూ ఆ బిళ్ళంటే లెక్కలేదు. తలనొప్పికి మా అమ్మ వేసుకునే మందు, మోతాదు తగ్గించి గుండె జబ్బులవాళ్లకు ఇస్తున్నారు, అంతే కదా అనుకునేదాన్ని. ఎల్బీనగర్ చౌరస్తాలో ఒక మధ్యాహ్నం ఆ లెక్క మారింది. ఆ సంగతి ఇప్పుడు చెబుతాను.

నేను పనిచేసింది దిల్‌సుఖ్‌నగర్‌లో, మెయిన్ రోడ్డుకు ఒక సందు లోపలున్న చిన్న నర్సింగ్ హోమ్‌లో. మాది కృష్ణా జిల్లా. పెళ్లయ్యాక మా ఆయన ఉద్యోగం కోసం వచ్చి ఎల్బీనగర్‌లో ఇల్లు తీసుకుని అక్కడే పాతుకుపోయాం. మా డాక్టరు గారిది వరంగల్ వైపు. మనిషి బంగారం, మాటల్లోనే పిసినారి. రోగికి ఆయన చెప్పేది రెండే ముక్కలు, "వేస్కో, మర్చిపోకు." మిగతాదంతా విడమరిచి చెప్పే పని నాది.

ఇక మా నర్సింగ్ హోమ్ ఆయమ్మ. నల్గొండ జిల్లా మనిషి, ఎల్బీనగర్ నుంచి నాతో పాటే డ్యూటీకి వచ్చేది. ప్రత్యేక రాష్ట్రం కోసం ఉద్యమం జోరుగా సాగుతున్న రోజులవి. ఫోనెత్తితే "హలో" బదులు "జై తెలంగాణ" అనేది. "సిస్టరమ్మా, రాష్ట్రమొచ్చినంక గూడ నిన్ను పంపియ్యంలే. నొప్పి లేకుండ సూది ఏసేది నువ్వొక్కదానివే" అని నన్ను ఏడిపించేది. "సూది కోసం కాదు, నా కందిపొడి కోసం ఉంచుకుంటావు, నాకు తెలుసులే" అనేదాన్ని. మా ఇద్దరి గొడవలు అంతవరకే. ఊళ్లో గొడవలు అంతకంటే పెద్దవి. బస్సులో నోరు విప్పితే నా యాస విని నలుగురూ తల తిప్పి చూసిన రోజులున్నాయి. అబద్ధం ఎందుకు, అప్పుడప్పుడు భయమేసేది.

మా దగ్గరికి చెకప్‌కి వచ్చేవాళ్లలో చీరల దుకాణంలో సేల్స్‌మన్ ఒకాయన ఉండేవాడు. యాభై దాటిన మనిషి. పోచంపల్లి దగ్గర ఊరు, నేతపనివాళ్ల కుటుంబం. మగ్గం మీద బతుకు సాగక పట్నం వచ్చి, అల్మాస్‌గూడలో కిరాయి ఇంట్లో ఉంటూ, దిల్‌సుఖ్‌నగర్‌లో రోజంతా నిలబడి చీరలు విప్పి చూపించేవాడు. గుండెపోటు వస్తే పెద్దాసుపత్రిలో స్టెంటు వేశారు. రక్తం గడ్డకట్టకుండా మొదట రెండు రకాల బిళ్ళలు వాడాడు. ఏడాది దాటాక మా డాక్టరు గారు ఒకటి తీసేసి, చిన్న మోతాదు ఆస్పిరిన్ మాత్రం రోజూ వేసుకోవాలి, సొంతంగా మానెయ్యకూడదు అన్నారు. అంటే, "వేస్కో, మర్చిపోకు" అన్నారు.

విడమరిచి చెప్పే పని నాది కదా. అందరికీ చెప్పినట్టే ఆయనకూ చెప్పాను. "ఇది రక్తం పల్చబడే బిళ్ళండీ. అన్నం తిన్నాక రోజూ ఒకటి వేసుకోండి."

"పల్చబడుడా?" అన్నాడు ఆయన, నా మొహం వంక చూసి.

"అవునండీ."

బిళ్ళలు జేబులో వేసుకుని వెళ్లిపోయాడు. ఏ ఆసుపత్రిలో అడిగినా ఆ మందుకు అదే మాట. డాక్టర్లు అదే అంటారు, మందుల షాపువాళ్లు అదే అంటారు. ఇంగ్లీషు మాటను ఎవరో ఎప్పుడో తెలుగులోకి దించారు, అందరం వాడుకుంటున్నాం. ఆ మాట చీరల దుకాణంలోకి వెళ్తే ఏమవుతుందో మాలో ఎవరికీ తట్టలేదు.

కొన్ని నెలలు గడిచాయి. ఒకరోజు బందు పిలుపు వచ్చింది. ఎల్బీనగర్ చౌరస్తాలో వంటావార్పు. తెలియని పిల్లల కోసం చెబుతున్నాను, ఉద్యమంలో అదొక పద్ధతి. జనం నడిరోడ్డు మీద పొయ్యిలు పెట్టి, అక్కడే వండి, అక్కడే బంతులు తీరి తినేవారు. వాహనాలు ఎక్కడివక్కడ ఆగిపోయేవి. విజయవాడ రోడ్డూ సాగర్ రోడ్డూ కలిసే ఆ చౌరస్తాలో, లారీలు తిరిగే చోట, ఆ రోజు ఆడవాళ్లు కూర్చుని వంకాయలు తరుగుతున్నారు. రోడ్డంతా పోపు వాసన. ఉద్యమం మీద ఎవరికి ఏ అభిప్రాయం ఉన్నా, ఆ వాసనకు మాత్రం అందరికీ ఆకలేసేది.

నాకూ ఆయమ్మకూ మధ్యాహ్నం డ్యూటీ. బస్సుల్లేవు కాబట్టి నడిచి బయల్దేరాం. చౌరస్తా దాటుతుండగా "సిస్టర్! ఓ సిస్టర్!" అని పిలుపు వినిపించింది. చూస్తే మన సేల్స్‌మన్. డివైడర్ మీద కూర్చుని ఉల్లిగడ్డలు కోస్తున్నాడు, పక్కన ఆయన భార్య.

"తినిపో సిస్టర్. మీ ఆంధ్రోళ్లకు గూడ పెడ్తం, మాకేం పట్టింపు లేదు" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు.

"ముందు వండండి. ఉప్పు సరిపోయిందో లేదో చెప్పి పోతాను" అన్నాను. మళ్లీ నవ్వారు. నేనూ నవ్వుతూనే ఆయన మొహం చూశాను. పాలిపోయి ఉంది. పెదాలకు రంగు లేదు.

"బిళ్ళ వేసుకుంటున్నారా?"

"ఏస్కుంటున్న, ఏస్కుంటున్న."

రోగి ఒకే జవాబు రెండుసార్లు చెప్పాడంటే ఎక్కడో తేడా ఉన్నట్టే. ఇంకో ప్రశ్న అడగబోతుంటే ఆయన కత్తి పక్కన పెట్టి లేచాడు. లేచినవాడు లేచినట్టే డివైడర్ పట్టుకుని కూలబడ్డాడు. ఒళ్లంతా చెమట.

"గుండె! మల్ల గుండెకే వచ్చింది!" అని ఎవరో అరిచారు. క్షణంలో జనం మూగారు. ఆయన దుకాణంలోనే పనిచేసే ఇంకో సేల్స్‌మన్ గుంపును తోసుకుంటూ వచ్చాడు. జేబులోంచి బిళ్ళల షీటు తీశాడు. "నా దగ్గరుంది గుండె గోలీ! నమిలిస్తె బతుకుతడు. జర నోరు తెరిపియ్యిండ్రి!"

ఆ మాట గాలికి పుట్టింది కాదు. గుండెపోటు అనుమానం వచ్చినప్పుడు ఆస్పిరిన్ నమలమని డాక్టర్లు చెప్పడం నిజమే. స్టెంటు ఉన్న మనిషి, చెమటలు పట్టి పడిపోయాడు. చూసినవాళ్లెవరైనా అదే అనుకుంటారు. నేనూ ముందు అదే అనుకున్నాను. కానీ ఆ పెదాల తెలుపు నన్ను ఆపింది. అతని చెయ్యి పట్టుకుని "ఆగండి, ఇంకా పెట్టకండి" అన్నాను.

"ఏంది, ఆపుతవ్? మనిషి పోతుంటే!" వెనక నుంచి ఒక గొంతు. "ఎవలీమె? ఆంధ్రామెనా?"

అందరూ నా వైపు తిరిగారు. నేను ఆ చెయ్యి వదల్లేదు.

ఆయమ్మ ఆ గొంతు వచ్చిన వైపు తిరిగింది. "మా సిస్టర్! ఎన్నేండ్ల సంది చూస్తున్న, ఎంతమందిని బతికిచ్చిందో నాకెరుక. నువ్వేమన్న డాక్టరువా? కాదు గదా, నోర్మూసుకొని జరుగు. గాలాడనియ్యి" అంది. ఆ గొంతుగలాయన నిజంగానే జరిగాడు.

నేను రోడ్డు మీద మోకాళ్లేసి కూర్చున్నాను. నాడి చూస్తే సన్నగా, పరుగెత్తుతోంది. కింది రెప్ప లాగి చూశాను, లోపల ఎరుపు లేదు. "ఛాతీలో నొప్పి ఉందా?" అని అడిగాను. తల అడ్డంగా ఊపాడు. "నొప్పి లేదు. కండ్లు తిరుగుతున్నయ్" అన్నాడు. నొప్పి లేనంత మాత్రాన గుండె కాదని చెప్పలేం, అది నాకు తెలుసు. ఆయన భార్య వైపు తిరిగాను.

"అమ్మా, సిగ్గుపడకుండా చెప్పు. విరేచనం నల్లగా పోతోందా?"

"పోతుందమ్మా. టానిక్ తాగుతున్నడు గదా, నల్లగనే పోతది."

"ఏం టానిక్?"

"రక్తం పట్టే టానిక్. రెండు నెలలాయె."

ఇనుముండే టానిక్ తాగితే నల్లగా పోవడం మామూలే. ఒక్క క్షణం నా అనుమానం తప్పేమో అనిపించింది. ఇంకో ప్రశ్న అడిగాను. "ఎప్పుడూ ఉన్నట్టే ఉందా, ఏమైనా మారిందా?"

ఆమె ఆలోచించింది. "నిన్నటి సంది వేరెగుంది. తారు లెక్క, జిగటగ. గబ్బు వాసన గూడ."

లోపల రక్తం కారుతోంది. కడుపులో పుండు పడి రక్తం కారితే అలాగే పోతుంది. అలాంటి మనిషి చేత ఆస్పిరిన్ నమిలిస్తే కారే రక్తానికి ఇంకా ఊతమిచ్చినట్టే. అది నాకు తెలుసు. కానీ పిల్లలూ, తెలియడం వేరు, నడిరోడ్డు మీద నలుగురి ముందు బిళ్ళ ఆపడం వేరు. ఇది నిజంగా గుండెపోటే అయితే, నేను ఆపిన ఆ బిళ్ళే ఆయన్ని బతికించేది కావచ్చు. బీపీ చూసే మెషీన్ లేదు, ఈసీజీ లేదు, డాక్టరు లేడు. ఆయన మణికట్టు పట్టుకుని నాడి మళ్లీ లెక్కపెట్టాను.

దుకాణం మిత్రుడు బిళ్ళ పట్టుకుని ఇంకా అక్కడే ఉన్నాడు. "వదినె, నువ్వు చెప్పు. ఏద్దామా, వద్దా?" అని భార్యనే అడిగాడు.

ఆమె ఆ బిళ్ళ వంక చూసింది, నా వంక చూసింది. ఆ చూపు నేను ఇప్పటికీ మరిచిపోలేదు. "సిస్టర్ చెప్పినట్లే చెయ్యిండ్రి" అంది.

నోట్లో ఏమీ పెట్టనివ్వలేదు, నీళ్లు కూడా. పడుకోబెట్టి కాళ్లు ఎత్తి పెట్టించాను. జెండా కట్టిన ఆటో ఒకటి పక్కనే ఉంది, డ్రైవర్ ఉద్యమంలోవాడే. దిల్‌సుఖ్‌నగర్ వైపు రోడ్డంతా పొయ్యిలే. అప్పుడు చూడాలి ఆ జనాన్ని. "జరుగుండ్రి, జరుగుండ్రి" అనుకుంటూ కిచిడీ గిన్నెలను తువ్వాళ్లతో పట్టి ఎత్తేశారు. మండుతున్న కట్టెల్ని కాళ్లతో పక్కకు నెట్టారు. తింటున్నవాళ్లు విస్తళ్లతో సహా లేచారు. ఇందాక నన్ను ఎవలీమె అన్న గొంతుగలాయన అందరికంటే ముందు పరుగెత్తుతూ దారి చేశాడు. కొత్తపేట దాటేదాకా మా ఆటో ముందు ఎవరో ఒకరు పరుగెత్తుతూనే ఉన్నారు.

ఆటోలో భార్య ఏడుస్తూ చెప్పింది.

"మీరేమో రక్తం పల్చగైతదని గోలీ ఇస్తిరి. ఈనె ఇంటికొచ్చి రెండు దినాలు అన్నం సక్కగ తినలే. నా రక్తం నీళ్లు చేస్తున్నరే అన్నడు. మరి నేనేం చెయ్యాలె? మల్ల చిక్కగ కావాలని టానిక్ తెచ్చిన. బీట్రూట్ పెట్టిన, దానిమ్మ పెట్టిన. గోలీ ఏమో ఒక దినం ఏసుకొని ఒక దినం ఇడిసిపెట్టిండు. రెండిట్ల నడుమ సరిపోతదనుకున్నం."

"మోకాళ్ల నొప్పికి ఏమైనా వాడుతున్నాడా?"

"పొద్దంత నిలబడే కొలువు గదమ్మా. మందుల దుకాణంల అడిగి నొప్పి గోలీలు తెచ్చుకుంటడు. మొన్న నిరాహార దీక్షల గూడ కూసున్నడు. కాళ్లు మడిచి కూసునుడు శాతగాక, తిండి లేకుండనె గవే రెండు మింగిండు."

అదీ సంగతి. ఆస్పిరిన్ మీద నొప్పి బిళ్ళలు, వాటి మీద ఖాళీ కడుపు. పుండు పడటానికి ఇంకేం కావాలి? పైగా టానిక్ పుణ్యమా అని నల్లగా పోతున్నా ఎవరికీ అనుమానం రాలేదు. వాళ్లు అశ్రద్ధ చేసిన మనుషులు కారు. మేము ఒక మాట చెప్పాం, ఆ మాటకు వాళ్లకు తెలిసిన అర్థం ప్రకారం బుద్ధిగా వైద్యం చేసుకున్నారు.

నర్సింగ్ హోమ్ చేరేసరికి, ఆయమ్మ ఫోన్ అందుకున్న మా డాక్టరు గారు బైకు మీద ముందే వచ్చి ఉన్నారు. ఈసీజీ తీసి చూశారు, కొత్తగా ఏమీ లేదు. సెలైన్ ఎక్కించి, కడుపులో ఆమ్లం తగ్గించే ఇంజెక్షన్ ఇచ్చి, పెద్దాసుపత్రికి ఫోన్ చేశారు. చేస్తూ చేస్తూ నా వైపు తిరిగి, "రోడ్డు మీద ఎవ్వరు ఆస్పిరిన్ పెట్టలేదు గదా?" అన్నారు.

"పెట్టనివ్వలేదు సార్."

"మంచిది" అన్నారు. మా డాక్టరు గారి నోటి నుంచి ఆ మాట వినడం అదే మొదటిసారి. నేను బాత్రూమ్‌లోకి వెళ్లి కాసేపు ఏడ్చి, మొహం కడుక్కుని వచ్చాను.

పెద్దాసుపత్రిలో కెమెరా గొట్టం వేసి చూస్తే కడుపులో పుండు కనిపించింది. అక్కడికక్కడే రక్తం ఆపారు, రక్తం ఎక్కించారు. మనిషి గట్టెక్కాడు.

కథ ఇక్కడితో అయిపోతే ఇది రాయాల్సిన పనే లేదు. అసలు చిక్కు తర్వాత వచ్చింది. పుండు మానే మందులు రాసి, అక్కడి డాక్టర్లూ మా డాక్టరు గారూ మాట్లాడుకుని, కడుపును కాపాడే ఇంకో బిళ్ళ తోడిచ్చి ఆస్పిరిన్ మళ్లీ మొదలుపెట్టాలని తేల్చారు. గుండెలో స్టెంటు ఉంది, మానేస్తే అది మూసుకుపోయే ప్రమాదం ఉంది. ఆయన మా దగ్గరికి వచ్చిన రోజు, మిగిలిన ఆస్పిరిన్ షీటు తెచ్చి నా టేబుల్ మీద పెట్టాడు.

"సిస్టర్, మీ గోలీకి ఒక దండం. ఇగ నాతోని కాదు."

డాక్టరు గారు నచ్చజెప్పారు. ఆయనకు వచ్చిన రెండు ముక్కలకు ఆ రోజు ఇంకో నాలుగు కలిపారు కూడా. సేల్స్‌మన్ వినలేదు. భార్య తలుపు దగ్గర నిలబడి ఉంది. "ఏసుకుంటె గట్లాయె. ఏసుకోకుంటె గుండె ఆగుతదంటున్నరు. నేను ఈ మనిషిని ఎట్ల బతికిచ్చుకోవాలె సార్?" అంది.  

నేను ఆయన్ని నర్సుల గదిలోకి తీసుకెళ్లి కూర్చోబెట్టి, ఆ షీటు అక్కడి టేబుల్ మీద పెట్టాను. ఆయమ్మ టీ తెచ్చింది. బిళ్ళ గురించి ఎత్తలేదు. ఒక్కటే అడిగాను. "పల్చ అనే మాటకు మీకు అంత బాధ ఎందుకండీ?"

ఆయన టీ గ్లాసు కింద పెట్టాడు. "నీకు తెల్వది సిస్టర్. మా దుకాణంల ఆడోళ్లు చీరను రెండు వేళ్లతోని నలిపి చూస్తరు. పల్చగుంది అంటరు, పక్కకు పారేస్తరు. ఇగ ఆ చీర పని ఖతం. మా నాయిన నేసిన చీరను పల్చగున్నదని ఊళ్లె ఒక్కరు అనలే. మనిషిగ్గూడ అంతే గదా. నలుగుట్ల పల్చనైతే ఇంకేముంటది? గసొంటిది, నా ఒంట్ల రక్తాన్నే పల్చగ చేస్తమంటె ఎట్ల మింగాలె?"

నేను పుట్టినప్పటి నుంచి తెలుగు మాట్లాడుతూ, ఆ మాటలో ఇన్ని ఉన్నాయని ఆ రోజే విన్నాను. అని రాస్తే గొప్పగా ఉంటుంది కానీ, నిజానికి ఆ క్షణంలో నాకు తోచింది వేరు. ఈయనకు నేత తెలుసు కదా, అందులోంచే ఏదైనా దొరుకుతుందా అని ఆలోచిస్తున్నాను.

"నూలుకు గంజి పెడతారు కదా. పెట్టాక పోగులు ఒకదానికొకటి అంటుకోవా?"

"అంటుకోకుంటె ఎట్ల? అంటుకుంటయ్. అందుకే పడుగు పోగుల్ని వాకిట్ల బారుగ కట్టి, కుంచెతోని దువ్వుతం. జరంత నూనె గూడ రాస్తం. చిన్నప్పుడు అదే నా పని."

"రాయకపోతే?"

"ఉండ కడ్తది. మగ్గమెక్కినంక పోగు కదలది, పట్టుకుంటది, తెగుతది."

"నూనె రాస్తే నూలు పల్చనవుతుందా?"

నన్ను జాలిగా చూశాడు. "నూనెకు నూలు ఎందుకు పల్చనైతది సిస్టర్? నూలు నూలే. అంటుకోదు, గంతే."

"ఈ బిళ్ళ చేసే పని కూడా గంతే" అన్నాను. నా నోట్లోంచి "గంతే" రావడం విని ఆయమ్మ గుడ్లప్పగించింది.

రక్తంలో చిన్న చిన్న కణాలుంటాయని, దెబ్బ తగిలినప్పుడు అవే ఒకదానికొకటి అంటుకుని రక్తాన్ని ఆపుతాయని చెప్పాను. మీ గుండెలో వేసిన ఆ సన్నటి గొట్టంలో కూడా అవి అంటుకుని ఉండ కట్టాయంటే దారి మూసుకుపోతుంది. ఈ బిళ్ళ వాటిని అంటుకోనివ్వదు. రక్తం చిక్కదనం ఎంతో అంతే ఉంటుంది, ఒక్క చుక్క నీళ్లు కలవవు అన్నాను.

ఆయన షీటు తిప్పి చూసి మళ్లీ పెట్టేశాడు. గోరుతో టేబుల్ గీకుతూ కూర్చున్నాడు. తర్వాత తనే అడిగాడు. "నూనె ఎక్కువైతె గంజి పట్టదు సిస్టర్. పోగు పిగులుతది. మరి దీనికో?"

"దీనికీ అంతే. అందుకే చిన్న మోతాదు. దానికి తోడు మీరు నొప్పి బిళ్ళలు వేసుకున్నారు, ఖాళీ కడుపుతో వేసుకున్నారు. ఆ రోజు జరిగింది అదే."

"గట్ల చెప్పాలె గదా ముందుగాల!" అన్నాడు. కోపంగానే అన్నాడు. తర్వాత భార్యను పిలిచాడు. "ఏమే, ఇటురా. ఇది పల్చగ చేసే గోలీ కాదంట. అంటుకోకుండ చేసేదంట. కుంచె లెక్క."

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. షీటు టేబుల్ మీద నుంచి తీసుకున్నది ఆమే.

ఒక షరతు మాత్రం పెట్టాడు. ఇక ఈ దవాఖానలో "పల్చ" అనే మాట ఎవరూ తన ముందు అనకూడదు. మేము ఒప్పుకున్నాం. కష్టమంతా డాక్టరు గారికే. అలవాటు కొద్దీ ఇంకో రోగితో "రక్తం పల్చ" అని మొదలుపెట్టేవారు, నేల తుడుస్తున్న ఆయమ్మ బయట నుంచే "సార్, గా మాట అనొద్దు" అని కేకేసేది. కొన్నాళ్లకు మా దగ్గర అది అంటుకోకుండా చేసే గోలీ అయిపోయింది. బిళ్ళ అనే నా మాట కూడా ఆ తోపులాటలో పోయింది.

ఆ సేల్స్‌మన్ మాత్రం దుకాణంలో ప్రచారకుడైపోయాడు. ఆ రోజు జేబులోంచి షీటు తీసిన మిత్రుణ్ణి మెడ పట్టుకున్నంత పని చేసి మా దగ్గరికి తెచ్చాడు. అతనికి గుండె జబ్బేమీ లేదు. పక్కవాడికి వచ్చిందని భయపడి, మంచిది కదా అని తనంతట తానే రోజూ వేసుకుంటున్నాడు. డాక్టరు గారు పరీక్షించి, నీకు అవసరం లేదు, ఊరికే వేసుకుంటే మేలు కంటే కీడే ఎక్కువని మాన్పించారు. మన సేల్స్‌మన్ టానిక్ కూడా ఆగింది. మోకాళ్లకు ఏ నొప్పి మందు కావాలన్నా ముందు మాకు ఫోన్ చేసేవాడు. పన్ను పీకించుకోవడానికి వెళ్లి, "నేను అంటుకోకుండ చేసే గోలీ ఏసుకుంట, ముందే చెప్తున్న" అన్నాడట. అదేం గోలీయో ఆ పంటి డాక్టరుకు అర్థం కాక మాకు ఫోన్ చేశాడు.

తర్వాత రాష్ట్రం వచ్చింది. ఆయమ్మ ఆ రోజు నాకు లడ్డు తినిపించింది, నన్ను పంపలేదు కూడా. ఉల్లిగడ్డలు కోసిన ఆ డివైడర్ ఉన్న చోట మెట్రో స్తంభాలు లేచాయి. నేను రిటైరయ్యాను. నర్సింగ్ హోమ్ మూతపడింది. ఆ సేల్స్‌మన్ పనిచేసిన దుకాణం ఉన్న చోట ఇప్పుడు సెల్‌ఫోన్లు అమ్ముతున్నారు. ఆయన ఏమయ్యాడో నాకు తెలియదు. ఎప్పుడైనా దిల్‌సుఖ్‌నగర్‌లో చీర కొంటుంటే గుర్తొచ్చేవాడు, అంతే. ఆ వయసు, ఆ గుండె. అడిగితే ఏం వినాల్సొస్తుందోనని ఎవరినీ అడగలేదు.

పోయిన ఏడాది నాకే నడుస్తుంటే ఆయాసం మొదలైంది. ఎల్బీనగర్‌లోని ఒక ఆసుపత్రిలో చూపించుకుంటే గుండె రక్తనాళంలో అడ్డుందన్నారు. మందులు రాశారు. వాటిని చేతికిస్తూ ఒక చిన్న నర్సు నా పక్కన కూర్చుంది. నేనూ నర్సునేనని చెప్పలేదు. ఎలా చెబుతుందో విందామని ఊరుకున్నాను.

"అమ్మా, గిది అంటుకోకుండ చేసే గోలీ" అంది ఆ అమ్మాయి.

నా చెవులను నేను నమ్మలేదు. "ఏమన్నావమ్మా?"

"గంజి పెట్టిన పోగులుంటయ్ చూడు, గవి అంటుకోకుండ కుంచెతోని దువ్వుతరు గదా, గట్ల. రక్తం రక్తమే ఉంటది, పరేషాన్ గాకు. అన్నం తిన్నంకనే ఏస్కోవాలె. నొప్పి గోలీలు అడగకుండ మింగొద్దు. నల్లగ పోతె ఎంటనె రావాలె. మంచిగైందని నీ అంతట నువ్వు ఇడిసిపెట్టొద్దు."

"ఎవరు నేర్పారమ్మా నీకు ఇలా చెప్పడం? కాలేజీలోనా?"

ఆ అమ్మాయి నవ్వింది. "కాలేజీల గాదమ్మా. మా దగ్గరికి చెకప్‌కు ఒక తాత ఒస్తడు, ఎనుకట చీరల దుకాణంల చేసిండంట. నేను కొత్తల రక్తం పల్చబడే గోలీ అని ఇస్తె, నాతోని కొట్లాట పెట్టుకున్నడు. కూసోబెట్టి గిదంత చెప్పిండు. మంచిగనిపిచ్చి అందరికి గట్లనే చెప్తున్న."

"ఇంకా వస్తున్నాడా?"

"ఎందుకు రాడు? పోయిన వారమే ఒచ్చిండు. గట్టిగున్నడు."

నా కళ్లలో నీళ్లు చూసి ఆ పిల్ల కంగారుపడింది. జబ్బుకు భయపడుతున్నాననుకుంది పాపం. నా చెయ్యి పట్టుకుని, "ఏం కాదమ్మా, నేనున్న గదా. ముందుగాల చెప్పు, అన్నం తిన్నవా?" అని అడిగింది.

తినలేదని చెప్పాను. కింద క్యాంటీన్‌కు వెళ్లి, కడుపునిండా తిని, ఆ గోలీ వేసుకున్నాను.